దారం తాళం వేసిన సైకిలు

ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. మా బామ్మర్ది మునిరత్నం సైకిలు మీదినుంచి పడకముందు ఆరు, పడ్డాక అయిదు. అన్నీ ఒక్క కంపెనీకే. మామూలు సైకిలుకు బిగించుకునే చిన్న పెట్రోలు మోటారు కిట్టు అమ్మే కంపెనీ అది. బోల్టులు నిలవడం లేదు, నడుస్తుండగా వదులవుతున్నాయి, ఎవరో ఒకరు పడతారు అని మొదటి ఆరింటిలో రాశాను. పడ్డాడు అని తర్వాతి అయిదింటిలో రాశాను.

పాకాలలో మండలాఫీసు ఎదురుగా కూర్చుని అర్జీలు రాయడం నా వృత్తి. ఇరవై ఆరేళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ. నా చేత్తో రాసిన కాగితాలకు పాసుపుస్తకాలు వచ్చాయి, పింఛన్లు వచ్చాయి, ఒకామెకు ఇల్లు వదిలిపోయిన మొగుడు కూడా తిరిగొచ్చాడు. నా సొంత గోడుకు మాత్రం పలికే దిక్కు లేకపోయింది.

చివరికి ఒక ఫోను వచ్చింది. అవతల ఒకమ్మాయి, మర్యాదగానే, మీ ఫిర్యాదు మూసేశాం సార్ అంది. కారణం అడిగితే చదివి వినిపించింది. వినియోగదారుడి అజాగ్రత్త. బోల్టులు సరిగా బిగించుకోలేదు. ఎవరమ్మా మూసింది అని అడిగాను. సిస్టం మూసింది అంది. ఒప్పుకోకపోతే బండిని నాయుడుపేట దగ్గరున్న గోడౌనుకు తీసుకురమ్మని, చూస్తారని చెప్పి పెట్టేసింది. పాకాల నుంచి అంత దూరం ఎవడొస్తాడులే అనుకుని ఉంటారు. నేను వెళ్లాను. బస్సులో కాదు, లారీలో వేసుకుని కాదు, ఆ సైకిలు మీదే వెళ్లాను. వాళ్లు చూడని బోల్టులను దారి పొడుగునా ఎవరెవరు చూశారో, ఏమన్నారో, వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను.

పాకాల

ముందు అజాగ్రత్త అన్న మాట సంగతి చెప్పాలి. మునిరత్నం బోరుబావుల్లో మోటార్లు దించే ఫిట్టరు. పైపుకు పైపు కలుపుతూ ఆరేడు వందల అడుగులు దించుతాడు. ఒక్క జాయింటు జారితే రైతు మోటారు పాతాళానికి పోతుంది. అలాంటి పనిలో మనిషికి పేరే పెట్టుబడి. ఆ సైకిలు మీదినుంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాక, కంపెనీవాళ్లు అజాగ్రత్త అన్నారని తెలిశాక, సైకిలు బోల్టు బిగించుకోలేనోడు మన మోటారేం దించుతాడని ఊళ్లో ఒకరన్నారు. వారం తిరిగేసరికి పదిమంది అన్నారు. ఇరవై ఏళ్లుగా అతన్ని తప్ప మరొకరిని పిలవని రైతు కూడా దామలచెరువు నుంచి వేరే ఫిట్టరును పిలిపించుకున్నాడు. చెయ్యి ఇవాళ కాకపోతే రేపు అతుక్కుంటుంది. పేరు అతుక్కోదు. ఆ ఒక్క మాటను వాళ్ల చేతనే కొట్టివేయించాలని బయలుదేరాను.

అతను పడిన తీరు కూడా చెబుతాను. మోటారు నుంచి వెనక చక్రానికి ఒక గొలుసు పోతుంది. గొలుసు జారకుండా నొక్కి పట్టే చిన్న చక్రం ఒకటి వెనక కమ్మీకి బోల్టుతో బిగించి ఉంటుంది. అదురుకు ఆ బోల్టు వదులైంది. చిన్న చక్రం పక్కకు తిరిగి వెనక చక్రం చువ్వల్లో పడింది. సైకిలు ఉన్నచోటనే ఆగింది. మనిషి ఆగలేదు.

కిట్లు రెండూ ఒకే రోజు తెప్పించాం, నాకొకటి, అతనికొకటి. పెట్టెలో ఒక కరపత్రం ఉంది. ఒక వైపు ఇంగ్లీషు, ఒక వైపు తెలుగు. నేను చదివాను, అతను బిగించాడు. తెలుగులో అయిదో అంశం ఇది, అక్షరం మార్చకుండా ఇస్తున్నాను: "కంపనము వలన సడలకుండుటకు ప్రతి బోల్టునకు దారం తాళం వేయవలెను."

దారం తాళమేమిటని నేను అడగలేదు. ఇరవై ఆరేళ్లు సర్కారు కాగితాలు చదివినవాడికి అర్థం కాని మాట కొత్త కాదు. మునిరత్నానికి మాత్రం వెంటనే అర్థమైంది. పైపుల పనిలో అది రోజూ చేసేదే. పైపు చివర మెలికలు తిరిగిన మరల మీద నూలుదారం చుట్టి, తెల్ల పేస్టు పూసి, బిగిస్తారు. నీళ్లు కారవు. అలాగే రెండు సైకిళ్లకూ ప్రతి బోల్టుకూ దారం చుట్టి, పేస్టు రాసి, నట్టు ఎక్కించాడు. ఎంత శ్రద్ధగా చుట్టాడంటే, మా ఆవిడ సుగుణ చూసి, మోటారుకు కంకణాలు కట్టినట్టు ఉందని నవ్వింది.

బయలుదేరే రోజు ఆమె నవ్వలేదు. ఆమె తమ్ముడు నాతో మాట్లాడక నెల దాటింది. కారణం నాకు తెలియదు. వేరుశనగ ఉండలు సంచిలో పెట్టి, "నా తమ్ముడితో మాట్లాడకుండా ఆ కంపెనీవోళ్లతో మాట్లాడి ఏం సాధిస్తావు?" అంది. అతను పుత్తూరులో కట్టు కట్టించుకుంటూ, అత్తగారింట్లో ఉన్నాడు. దారిలో పోతాలే అన్నాను. పుత్తూరు దారిలో లేదని ఆమెకూ తెలుసు.

చంద్రగిరి

ఈ సైకిలు ప్రయాణానికి కిలోమీటర్లు లెక్క కాదు, నట్లు లెక్క. పది కిలోమీటర్లు పోగానే దిగి, పది నంబరు, పదమూడు నంబరు స్పానర్లు తీసి, మోటారును పట్టుకున్న నాలుగు నట్లూ, పొగగొట్టం రెండు నట్లూ, ఆ చిన్న చక్రం నట్టూ బిగించాలి. బిగించినప్పుడు గట్టిగానే ఉంటాయి. మళ్లీ పది కిలోమీటర్లకు వేలితో తిప్పితే తిరుగుతాయి. అదురుకు నా అరచేతులు తిమ్మిరెక్కి, స్పానరు పట్టుకున్నానో లేదో తెలిసేది కాదు.

దిగిన ప్రతిచోటా ఒకరు వచ్చి నిలబడతారు. అందరిదీ ఒకటే ప్రశ్న. ఇది సైకిలా, బండా? మొదటి మజిలీలో ఒక కానిస్టేబులు అడిగాడు. సైకిలే అన్నాను. మరి పొగ ఎందుకొస్తోందన్నాడు. బండే అంటే నంబరు ఏదంటాడు. పెడలు తొక్కి చూపించాను. చుట్టూ ఒక తిరుగు తిరిగి, దారం చుట్టిన బోల్టులు చూసి, మొక్కుబడి అనుకున్నాడు కాబోలు, కొండకు వెళ్లేవాణ్ణి ఆపడం ఎందుకని వదిలేశాడు. పోలీసుకు నచ్చిన దారం బోల్టుకు నచ్చలేదు.

చంద్రగిరి ఇంకా దూరంగా ఉండగానే పొగగొట్టం నట్టు ఒకటి ఊడి పడిపోయింది. చప్పుడు మారితే తెలిసింది. వెనక్కి నడిచాను. మేకలు కాస్తున్న ఒకామె రోడ్డు పక్క నిలబడి నన్నే చూస్తోంది. కొంగు అంచుతో పట్టుకుని చేతిలో ఏదో పెట్టింది. నట్టు. ఇంకా వేడిగానే ఉంది.

"నీదేనా అప్పా? మా పిల్లమేక నోట్లో బెట్టుకోబోయింది," అంది. "ఇట్ల రాల్సుకుంటా పోతే ఊరు జేరేసరికి నీకు పెడలు గూడా మిగలదు."

ఆమె మాటకు కోపం రాలేదు. ఆమె కనీసం నట్టు ఏరి ఇచ్చింది. డబ్బు తీసుకుని కిట్టు పంపినవాళ్లు ఆ పాటి పని కూడా చేయలేదు.

చంద్రగిరిలో రోడ్డు పక్క పూటకూళ్లామె దగ్గర సంగటి, వేరుశనగ ఊరుబిండి పచ్చడి తిన్నాను. మా పాకాలలో ఊరుబిండి కొంచెం పలుకుగా నూరతారు, ఇక్కడ మెత్తగా. వెల్లుల్లి ఎక్కువ. బాగుందని చెప్పాను. మరో ముద్ద వేసి, దానికి డబ్బు తీసుకోలేదు. మంచి చేసినవాళ్ల పేరు కూడా రాయాలని అడిగాను. నవ్వి, పేరెందుకులే అంది.

తిరుపతి

తిరుపతిలో సంచి తగిలించుకున్న ప్రతివాడూ కొండకే పోవాలి. కాదంటే అనుమానంగా చూస్తారు. గది అడిగితే లాడ్జివాడు దర్శనం ఎప్పుడన్నాడు. నాయుడుపేట పోతున్నానంటే, మరి తిరుపతిలో పనేమిటన్నాడు. సైకిలును లోపల పెట్టనివ్వలేదు. బండ్ల దగ్గర పెట్టబోతే సైకిలు అన్నాడు, సైకిళ్ల దగ్గర పెట్టబోతే బండి అన్నాడు. వాడి మొహం కూడా గుర్తుపెట్టుకున్నాను.

పొద్దున్నే నట్లు వెతుక్కుంటూ బస్టాండు వెనక వీధుల్లో తిరిగాను. నట్లు, బోల్టులు తూకానికి అమ్మే ఒక దుకాణం కనిపించింది. పేరుకు దుకాణం, వెడల్పు ఒక తలుపంత. లోపల యాభై దాటిన ఒకామె, వసంతమ్మ, చేటలో వాషర్లు పోసి బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుతోంది. మళ్లీ ఊడితే దగ్గర ఉండాలని పొగగొట్టం నట్టు అడిగాను. సైకిలు చూపించమంది. వంగి చూసి, చాలాసేపు లేవలేదు.

"ఏందన్నా ఇది, బోల్టులకు తాయెత్తులు గట్టినావు?"

కరపత్రం ప్రకారమే చుట్టామని చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను. నా సంచిలో కరపత్రం ఎప్పుడూ ఉంటుంది. చూపించాను. అయిదో అంశం చదివి, కాగితాన్ని తిప్పి ఇంగ్లీషు వైపు వేలితో వెతికింది. ఇంగ్లీషు ఎక్కువ రాదని, డబ్బాల మీద పేర్లు మాత్రం చదవగలనని అంది. ఒక మాట దగ్గర వేలు ఆగింది. లేచి, అరలోంచి చిటికెనవేలంత సీసా తీసి నా చేతిలో పెట్టింది. దాని మీదా అదే ఇంగ్లీషు మాట ఉంది. థ్రెడ్ లాకర్.

"థ్రెడ్ అంటే ఈడ దారం గాదన్నా. మర. బోల్టు మర. మరకు ఇది ఒక సుక్క ఏస్తే గట్టిపడిపోతాది, అదురుకు నట్టు కదల్దు. మీవోడు దారం సుట్టి, పేస్టు పూసినాడు. మర మరను పట్టుకుంటేనే గదా బిగువు. మధ్యన నూలు బెట్టి, వెన్న పూస్తే అది జారకుండా ఏం జేస్తాది?"

నేను ఆ వీధిలోనే, అరుగు మీద కూర్చుండిపోయాను. మర. ఒక్క మాట. ఇంగ్లీషులో ఒకే మాటకు రెండర్థాలుంటే, రాసినవాడు అందులో కుట్టుమిషను అర్థం ఏరుకున్నాడు. మర అన్న మాట మా ఊళ్లో అక్షరం రానివాడికి కూడా తెలుసు. బోల్టు ఎప్పుడూ చేత్తో పట్టుకోనివాడు తెలుగు చేశాడు. బోల్టు తెలిసిన మునిరత్నం, ఆ తెలుగును నమ్మాడు. నమ్మడమే అతని అజాగ్రత్త.

ఆమె ఊరికే ఉండలేదు. ముఖ్యమైన బోల్టులు మోటారువి, చిన్న చక్రానిది అని చెప్పి, వాటిని విప్పించింది. దారం పీకి, పేస్టు పోయేలా పెట్రోలు గుడ్డతో తుడిపించి, ఒక్కో చుక్క వేసి, చీలిక వాషరు పెట్టి బిగింపించింది. బిగించడం నేను, తిట్టడం ఆమె. బలమంతా పెట్టబోతే చెయ్యి మీద కొట్టినంత పని చేసింది. మర తెగితే సీసాడు పోసినా నిలవదంది. తర్వాత సొరుగులోంచి ఎర్రటి గోళ్లరంగు తీసింది. కోడలిదట. ప్రతి నట్టు మీదినుంచి పక్క ఇనుము మీదికి ఒక సన్నగీత గీసింది.

"ఈ గీత తెగి రెండయిందంటే నట్టు తిరిగిందని అర్థం. ఊరికే స్పానరు బెట్టి తిప్పబాకు. గీత జూసుకో."

సీసా ఖరీదు రెండు భోజనాలంత. గీతకు, చెప్పిన పాఠానికి ఏమీ తీసుకోలేదు. ఆ గోళ్లరంగు గీత నాకు ఎంత పనికొచ్చిందో ఆమెకు తెలియాలనే ఇక్కడ రాస్తున్నాను.

పుత్తూరు

రేణిగుంట దాటి పుత్తూరు దారిలో పది కిలోమీటర్లకు దిగాను. గీతలన్నీ ఒకటిగానే ఉన్నాయి. స్పానరు తీయలేదు. నెలల తర్వాత మొదటిసారి సైకిలు దిగి, ఏమీ బిగించకుండా, చెట్టు కింద ఉత్తినే నిలబడ్డాను. సంతోషం కలగాలి. కలగలేదు. ఒక చిన్న సీసా, ఒక గీత. ఇంతకే ఒక మనిషి మోచెయ్యి విరిగింది.

ఎముకలు కట్టేచోట ఎప్పటిలాగే జనం. అరవం, కన్నడం, మన మాట కలగలిసి వినబడుతున్నాయి. వెదురు దబ్బలు, గుడ్డ పేలికలు, ఆకు పసరు వాసన, పగిలిన కోడిగుడ్డు పెంకులు. కట్టు కట్టే పెద్దాయన ఒక కాలు సరిచేస్తూ, ఆ మనిషి అరుస్తున్నా పట్టించుకోకుండా, అతని భార్యకు చెబుతున్నాడు.

"తొమ్మిదో నాడు రావాల. కట్టు తడపొద్దు. కాలి ఏళ్లు నల్లబడితే తొమ్మిది నాళ్లు సూడబాకండి, ఆ పొద్దే రండి."

అంతే. పక్కనున్న అరవాయనకు అదే మూడు ముక్కలు అరవంలో చెప్పాడు. ఎవరూ ఏమన్నావని తిరిగి అడగలేదు. అచ్చు వేసిన కాగితం లేదు, రంగు బొమ్మలు లేవు. ఆయన మాట వల్ల ఎవరూ తడిపి చెడగొట్టుకుని ఉండరు.

మునిరత్నం చివరి బెంచీ మీద ఉన్నాడు. చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. నన్ను చూసి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నేను పక్కన కూర్చుని, పలకరింపులు లేకుండా, దారం సంగతి మొదలుపెట్టి మర దాకా చెప్పాను. కరపత్రం తిప్పి ఇంగ్లీషు మాట చూపించాను. ఎడమ చేత్తో తీసుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తనకు ఇంగ్లీషు రాదు. అయినా చూశాడు.

"మర అని రాసుంటే," అన్నాడు చివరికి, "నాకు ఎవురూ సెప్పాల్సిన పన్లే."

అప్పుడే కంపెనీ మీద ఉన్న కోపమంతా అతని ముందు పెట్టాలనుకున్నాను. ఆరు ఉత్తరాలు ముందే రాశానని, అప్పుడు వినుంటే ఇంత జరిగేది కాదని. అతను వినలేదు.

"నేను పడిన పొద్దు ఆస్పత్రి వరండాలో అందురి ముందర నువ్వేమన్నావో గెవనముందా బావా?"

లేదన్నాను. నిజంగానే లేదు.

"దారం సరిగ్గా సుట్టినావా లేదా అన్నావు. అంతే అన్నావు. మన ఊరోళ్లు పదిమంది ఉండారు ఆడ. కంపెనీ ఫోను రెండు వారాలకు వచ్చింది. నీ మాట ఆ సాయంత్రానికే ఊరు సేరింది."

నా పెళ్లిలో నాకు చల్లారిన కాఫీ ఇచ్చినవాడి పేరు నేను ఇప్పటికీ చెప్పగలను. నా అర్జీ మీద టీ గ్లాసు పెట్టిన గుమాస్తా ఏ రంగు చొక్కా వేసుకున్నాడో చెప్పగలను. ఈ మాట నాకు గుర్తు లేదు. నాకు పడిన మాటలే దాచుకున్నాను, నేను విసిరిన మాట ఎవరి దగ్గర ఉందో చూసుకోలేదు. తప్పు నాదే అన్నాను. ఊళ్లో అందరికీ చెబుతానన్నాను.

"నువ్వు సెప్తే, బామ్మర్ది గాబట్టి ఎనకేసుకొస్తాండాడంటారు," అన్నాడు. "రాసినోళ్ల సేత సెప్పించు. తప్పు కాయితానిదని."

తర్వాత లేచి బయటికొచ్చాడు. సైకిలు చుట్టూ తిరిగి ఎర్రగీతల మీద బొటనవేలు పెట్టి చూశాడు. ట్యాంకు పట్టీలకు, వెనక పళ్లచక్రానికి ఇంకా పాత దారాలు ఉన్నాయి. నన్ను స్పానరు పట్టమని, తను ఎడమ చేతి గోళ్లతో ఒక్కొక్క దారం పీకాడు. అతను చుట్టినవే. ఎంత నున్నగా చుట్టాడో అంత కష్టంగా వచ్చాయి. సీసాలోంచి ఒక్కో చుక్క వేసి బిగించాక, దారి పొడుగునా చూసుకోవడానికి ఒక్కొక్క గీత నా పెన్నుతో గీయించాడు. పీకిన దారాలన్నీ ఉండ చుట్టి నా చొక్కా జేబులో పెట్టాడు.

"ఇది సూపీ వాళ్లకి."

ఆ పూట అతని అత్తగారింట్లో భోజనం. పులుసులో చింతపండు మాకంటే ఎక్కువ, మాటల్లో అరవం మాకంటే ఎక్కువ. నేను అడక్కముందే మునిరత్నం నా విస్తరిలో ఎడమ చేత్తో మజ్జిగ పోశాడు. అది లెక్కలోకి వస్తుందో రాదో తెలియదు గానీ రాస్తున్నాను.

శ్రీకాళహస్తి దారి

మూడో రోజు తెల్లవారుతుండగానే బయలుదేరాను. ఈ దారిలో చెప్పుకోదగ్గ ఆపద ఏదీ జరగలేదు. జరగకపోవడమే చెప్పుకోదగ్గది. ఏర్పేడు దగ్గర రోడ్డు పని జరుగుతోంది, కంకర మీద నా పళ్లు కదిలాయి, గీత కదల్లేదు. శ్రీకాళహస్తిలో టీ తాగుతుంటే రాహుకేతు పూజకు వచ్చిన కర్ణాటక కుటుంబం ఒకటి సైకిలు చుట్టూ మూగింది. వాళ్లదీ అదే ప్రశ్న, వాళ్ల భాషలో. ఎర్రగీతలు చూసి, ఇది ఏ దేవుడి బొట్టని అడిగారు. వసంతమ్మ అని చెప్పాను.

అక్కడి నుంచి పొలాలు మారతాయి. మా వైపు మామిడి, వేరుశనగ. ఇటు వరి. గాలిలో తేమ. దోసె మీద ఎర్రకారం పూసి ఇస్తారు, నీళ్లు చాలవు. మా వైపు అప్పా, అబ్బా అంటే, ఇక్కడ ప్రతివాణ్ణీ సామీ అంటున్నారు. నన్నూ అన్నారు. పదకొండు ఉత్తరాలు రాసినా కంపెనీవాళ్లు ఎవరూ నన్ను అలా పిలవలేదు.

నాయుడుపేట

హైవే దాటి, ఫ్యాక్టరీల మధ్య, రేకుల గోడౌను. గేటు దగ్గర పెంచలయ్య అనే కాపలాదారు, అరవై దగ్గరి మనిషి. రిజిస్టరులో పేరు రాయమన్నాడు. పని అన్నచోట ఏం రాయాలి అన్నాను. అందరూ డెలివరీ అని రాస్తారు సామీ అన్నాడు. నేను ఫిర్యాదు అని రాశాను.

గంటన్నర గేటు బయట ఎండలో నిలబడ్డాక మేనేజరు వచ్చాడు. మెడలో బిళ్ల, చేతిలో ఫోను. లోపలికి రమ్మనలేదు. ఫిర్యాదు మూసేసి ఉంది కాబట్టి చూడడం కుదరదని, కొత్త నంబరు కావాలని అన్నాడు. కరపత్రం చూపించి మర సంగతి చెప్పాను. చదివాడు. అర్థమైంది, అతని మొహంలో నాకు కనిపించింది. వెంటనే కాగితం అడుగున చీమల బారులాంటి అచ్చు మీద వేలు పెట్టాడు. తేడా వచ్చినచోట ఇంగ్లీషుదే చెల్లుతుందని ఉంది. ఆ మాట కూడా ఇంగ్లీషులోనే ఉంది.

"తెలుగు ఊరికే రెఫరెన్సుకు సార్," అన్నాడు.

జేబులోంచి దారం ఉండ తీసి అతని అరచేతిలో పెట్టాను. ఇది ఊరికే రెఫరెన్సుకు చుట్టినది కాదు, మీరు రాశారని చుట్టినది అన్నాను. ఏం చేయాలో తెలియక రెండు వేళ్లతో పట్టుకుని, గేటు గోడ మీద పెట్టి, ఫోను వచ్చిందని వెళ్లిపోయాడు. నేను అంత దూరం తొక్కుకొచ్చిన సైకిలు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

పెంచలయ్య చూశాడు. గీతలు ఏమిటని అడిగాడు. చెప్పాను. సీసా చూపించాను. వింటున్నకొద్దీ అతని చూపు నా మీదినుంచి రేకుల షెడ్డు నీడ వైపు పోతోంది. నేనూ అటు చూశాను.

అక్కడ ఇంకో సైకిలు ఉంది. అదే మోటారు. ప్రతి బోల్టుకూ తెల్లటి నూలుదారం, మునిరత్నం చుట్టినంత నున్నగా.

"పెట్టె చినిగిపోయిందని సగానికిచ్చారు సామీ," అన్నాడు. "కాగితంలో ఉన్నట్టే చుట్టా. తెగిపోతా ఉంటే ప్రతి ఆదివారం మళ్లా చుట్టుకుంటా ఉండా. ఇంకా గట్టిగా చుట్టాలేమో అనుకున్నా."

ప్రతి మధ్యాహ్నం అతని భార్య ఆ సైకిలు వెనక కూర్చుని పక్క ఫ్యాక్టరీలో పనికి వస్తుందట. హైవే మీదుగా. లారీల మధ్య. చిన్న చక్రం నట్టు వేలితో తిప్పాను. తిరిగింది.

నా కోపం అప్పుడు ఎలా ఉందో రాయలేను. మా పాకాల దూరం కాబట్టి వినబడలేదని ఇన్నాళ్లూ నన్ను నేను సమాధానపరచుకున్నాను. ఇది వాళ్ల గేటు. ఆ మేనేజరు రోజూ ఆ సైకిలు పక్కనుంచి నడిచి లోపలికి పోతాడు. గట్టిగా కేక వేసి పిలిచాను. అద్దాల వెనక నిలబడి చూశాడు. రాలేదు.

ఆ మధ్యాహ్నం నేనూ పెంచలయ్యా గేటు ముందే ఆ సైకిలు విప్పాం. దారాలు పీకాం, పెట్రోలుతో తుడిచాం, నా సీసాలో మిగిలినదంతా అతని బోల్టులకే అయిపోయింది. గోళ్లరంగు లేదు. అతను తమలపాకుల డబ్బా తెరిచి, సున్నం వేలికి తీసుకుని, ఒక్కో నట్టు మీద గీత గీశాడు. పనికి వేళైనా మొగుడు తీసుకెళ్లడానికి రాలేదని అతని భార్య నడిచొచ్చి, అతను సైకిలుకు సున్నం వేస్తుంటే చూసి, "ఇల్లు వదిలేసి దీనికి వెల్లేస్తా ఉండావా?" అంది. అతను నవ్వలేదు. ఆమెకు గీత చూపించి, తెగితే ఎక్కొద్దని మాత్రం చెప్పాడు.

నేను తిరిగి ఇల్లు చేరి పద్దెనిమిది రోజులైంది. వసంతమ్మ గీసిన గీతలు ఇవాళ్టికీ ఒకటిగానే ఉన్నాయి. వచ్చినవాళ్లకు చూపిస్తున్నాను. మండలాఫీసు ముందు, నా బల్ల దగ్గర, ఆస్పత్రి వరండాలో నేనన్న మాట తప్పని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. మునిరత్నం చెప్పినట్టే, బామ్మర్ది కాబట్టి చెబుతున్నాడు అంటున్నారు. ఇంకా ఎవరూ అతన్ని మోటారు దించడానికి పిలవలేదు.

కాబట్టి కంపెనీవారూ, ఇది పన్నెండోది. నాకు డబ్బు వద్దు, కొత్త కిట్టు వద్దు. మూడు వాక్యాలు మీ కాగితం మీద, మీ ముద్రతో, తెలుగులో కావాలి. మర అనవలసినచోట దారం అని రాసింది మీరు. అది చదివి వినిపించింది నేను. మునిరత్నం రాసినది రాసినట్టు చేశాడు. ఆ మాటలు మీకు చేతకాకపోతే చెప్పండి, అర్జీలు రాయడం నా పనే, నేనే రాసి పంపిస్తాను. సంతకం పెట్టండి. మీ పెట్టెల్లో ఇంకా ఉన్న కరపత్రాల్లో ఆ ఒక్క మాట కొట్టేసి పంపండి.

మీ గేటు దగ్గర నీడలో ఒక సైకిలు ఉంటుంది. దాని నట్ల మీద ఉన్నది సున్నం గీత. వాన పడితే పోతుంది. ఆలోపల నాకు జవాబు ఇవ్వండి.